కూలిన కెర్నెలు: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
కార్డు చేత బెట్టి గడపదాటిన దాని
పొడవు నడుగ బోయి పొగిలి కూలె
ముందు కొలిచి పిదప మూట నిచ్చిన చాలు
కింద పడక నిలుచు కెర్నెలెపుడు

అవతారిక: లినక్స్ కెర్నెల్‌లో ఒక నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ను సాకుతున్న కవి, నెలకోసారి చెప్పాపెట్టకుండా కూలే యంత్రాన్ని ఎట్టకేలకు బాగుచేసి, ఆనందం పట్టలేక చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం: కార్డు చేతన్ = నెట్‌వర్క్ కార్డు చేతిలో; పెట్టి = డిస్క్రిప్టర్ రింగులో చిరునామా రాసి, ఇక పంపమని చెప్పి; గడప దాటిన దానిన్ = వెళ్లిపోయిన ప్యాకెట్‌ను; పొడవున్ = అది ఎన్ని బైట్లో ఆ సంగతిని; అడుగన్ పోయి = చదవబోయి; పొగిలి = లాగ్‌లో పేజీలకొద్దీ ఏడ్చి; కూలెన్ = క్రాష్ అయ్యెను. తక్కినది సులభం.

విశేషం: ‘గడపదాటిన’ అన్నది పద్యానికి ప్రాణం. పంపడం ముగియగానే కార్డు ఇంటరప్ట్ కొడుతుంది. అప్పుడు డ్రైవర్‌లోని మరో ఫంక్షన్, బహుశా మరో సీపీయూ మీద, ఆ ప్యాకెట్ మెమరీని విడుదల చేసేస్తుంది. పంపిన ఫంక్షన్ తన తర్వాతి పంక్తికి చేరేలోపే ఇదంతా అయిపోవచ్చు. సాధారణంగా కాదు. అయిన రోజే ఆ నెల కూలుడు.

శంక: పొడవు చదివినంత మాత్రాన కూలుతుందా?

సమాధానం: శంక సబబే. ఉత్త పొడవు చదివితే చాలాసార్లు చెత్త అంకె వస్తుందే గాని కూలదు. కాని ఈ డ్రైవర్, పొడవును ఏ పరికరం ఖాతాలో రాయాలో కూడా పోయిన ప్యాకెట్‌నే అడిగింది. అది చూపిన తప్పుడు చిరునామాకు వెళ్లి పడిపోయింది. ఆ పరికరమేమో ఫంక్షన్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా ముందే అందింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

అలంకారం: వృత్త్యనుప్రాస. ఇది పద్యంలో కాదు, క్రాష్ లాగ్‌లో ఉంది. డీబగ్ సదుపాయం పెట్టిన కెర్నెల్, విడుదలైన మెమరీని 6బి అనే బైటుతో నింపుతుంది. అది దశాంశంలో 107, ఆస్కీలో ఇంగ్లీషు చిన్నబడి ‘కే’. రిజిస్టర్‌లో ఎనిమిది కేలు వరసగా కనిపిస్తే అది కవితావేశం కాదు, పోయినవాణ్ణి పలకరించిన గుర్తు. 2015లో 4.0 వెర్షన్‌తో కెర్నెల్‌లోకి వచ్చిన కేసాన్ అనే సాధనం ఇంకా గొప్ప వ్యాఖ్యాత: ఆ మెమరీ ఎక్కడ పుట్టింది, ఎక్కడ పోయింది, పోయాక ఎవరు ముట్టుకున్నారు అని మూడు అన్వయాలూ చెబుతుంది.

పాఠాంతరం: పాత ప్రతిలో లెక్క రాసే పంక్తి, అప్పగించే పంక్తికి కింద ఉంది. కొత్త ప్రతిలో పైన ఉంది, పరికరాన్ని ఆర్గ్యుమెంట్ నుంచే తీసుకుంటుంది. ప్యాచ్ మొత్తం ఒక తీసివేత గుర్తు, ఒక కూడిక గుర్తు. వివరణ మాత్రం మూడు పేరాలు. అది లేకుండా ప్యాచ్ పంపితే, పంక్తి ఎందుకు జరిపావని అడిగి వెనక్కి పంపుతారు. తప్పు ఏ కమిట్‌లో పుట్టిందో, దాని హ్యాష్‌లో తొలి 12 అక్షరాలతో ‘ఫిక్సెస్’ అన్న పంక్తిలో చెప్పడం కెర్నెల్ ఆచారం. గోత్రప్రవర లాంటిదన్నమాట.

తాత్పర్యం: వస్తువు చేతిలో ఉండగానే కొలుచుకోవాలి, ఇచ్చేశాక కొలత అడగరాదు. ‘కూలె’ అన్న క్రియకు కర్త నాలుగో పాదంలోని కెర్నెల్ అని అన్వయించుకోవాలి. కూల్చినవాడెవరో మాత్రం కవి నాలుగు పాదాల్లో ఎక్కడా చెప్పలేదు. ఛందస్సు కుదరక కాదు. ఆ 12 అక్షరాలు పట్టుకుని వెళితే ఆరేళ్ల కిందటి కమిట్ ఒకటి తగులుతుంది, దాని కింద సంతకం కవిగారిదే.