ఊరికే!

మగవాడు కుర్చీలో కూలబడి సాయంత్రం నుంచి రాత్రి దాకా క్రికెట్ చూస్తే "ఎందుకు చూస్తున్నావు నాయనా?" అని ఎవరూ అడగరు. అదే కుర్చీలో నేను ఓ అరగంట క్రాస్ స్టిచ్ కుట్టుకుంటే మాత్రం ఇంట్లోవాళ్ళు, ఇంటికొచ్చినవాళ్ళు, ఆఖరికి కొరియర్ తెచ్చిన కుర్రాడు కూడా గుమ్మంలోంచే మెడ సాచి "ఇది ఎందుకండీ?" అంటాడు.

దిండు గలీబుకా, ఫ్రిజ్ మీదకా, గుమ్మానికి తోరణమా అని జవాబులు కూడా వాళ్ళే అందిస్తారు. అవేవీ కాదు, ఊరికే అంటే నమ్మరు. ఊరికే ఎవరైనా కళ్ళు పోగొట్టుకుంటారా అని వాళ్ళ అనుమానం. ఇంకో నిమిషం ఆగితే అసలు సలహా బయటికొస్తుంది: "ఇన్‌స్టాలో పెట్టి అమ్మొచ్చు కదా!" ఈ మాట అనని చుట్టం మా వంశంలో ఇంకా పుట్టలేదు. పుడితే ఆ బిడ్డ బారసాలకి నా చేత్తో కార్డు చేసి పట్టుకెళ్తాను.

నావి మూడు వ్యాపకాలు. క్రాస్ స్టిచ్ కుట్టడం, గ్రీటింగ్ కార్డులు చేయడం, స్క్రాప్‌బుక్ అంటించడం. మూడింటికీ ఉమ్మడిగా కావలసింది డైనింగ్ టేబుల్. అందుకని మా ఇంట్లో అందరం సోఫాలో కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటాం. టేబుల్ మీద కత్తెరలు, ఫెవికాల్, రంగు దారాలు, చమ్కీలు కాపురం ఉంటాయి. చమ్కీకి ఒకచోట ఉండే అలవాటు లేదు. మా వారు చెంప మీద ఒకటి మెరిపించుకుంటూ పార్కులో నడిచొస్తారు. ఆయన స్నేహితులు మర్యాదస్తులు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

క్రాస్ స్టిచ్ మా తరానికి కొత్తేమీ కాదు. మా చిన్నప్పుడు ప్రతి ముందుగదిలోనూ మ్యాటీ క్లాత్ మీద కుట్టి, అద్దం కట్టించిన జంట హంసలు ఉండేవి. పెళ్ళిచూపులప్పుడు మగపెళ్ళివారు కాఫీ తాగుతుంటే ఎవరో ఒకరు గోడకేసి చూపించి "మా అమ్మాయే కుట్టింది" అనేవారు. మా ఇంటి హంసల్ని కుట్టింది మా పిన్ని. మా ఆడపిల్లలందరి పెళ్ళిళ్ళూ ఆ హంసలే చేయించాయి. వీధి చివరింటి వాళ్ళ అమ్మాయి పెళ్ళిచూపులకి కూడా అరువు వెళ్ళొచ్చాయి. ఇంతాచేసి మా పిన్ని మాత్రం రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుంది. ఆవిడకి హంసల అవసరమే రాలేదు.

ఇప్పుడు ఐడా క్లాత్ అని దొరుకుతోంది. అందులో పద్నాలుగు గడులదంటే అంగుళానికి 14 గడులు. అంటే చదరపు అంగుళంలో 196 ఇంటూ గుర్తులు. పదంగుళాల చదరాన్ని నిండా కుడితే 19,600. ఒక్కో ఇంటూకి రెండు కుట్లు. మా వారు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, లెక్క కనపడితే వదలరు. "గంటకి ఇంత కూలి అనుకున్నా, ఈ రామచిలక ఖరీదెంతయిందో తెలుసా? ఈ డబ్బుతో నిజం చిలకలే ఓ గుంపుని కొనొచ్చు" అన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలకని కొనడమూ పంజరంలో పెట్టడమూ నేరం, గుడ్డ మీద కుట్టడం ఇంకా నేరం కాలేదు అని చెప్పాను. క్యాలిక్యులేటర్ మూసేశారు.

దారం కట్ట 8 మీటర్లుంటుంది. అందులో ఆరు పోగులు. పద్నాలుగు గడుల గుడ్డకి రెండు పోగులు చాలు. మిగతావాటిలోంచి ఆ రెండింటినీ విడదీయడంలోనే ఉంది నేర్పంతా. కట్ట కొసని వేళ్ళతో పట్టుకుని ఒక్క పోగునే మెల్లగా పైకి లాగాలి. మిగతా ఐదూ కిందికి కుచ్చుగా ముడుచుకుపోయి, ఇక చిక్కు పడిపోయినట్టే అనిపిస్తుంది. పోగు పూర్తిగా బయటికి రాగానే అవి వాటంతటవే సాఫీగా జారి నిలబడతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే. ఆత్రపడి రెండూ కలిపి లాగారా, ఆ సాయంత్రం చిక్కు విప్పడానికే సరిపోతుంది.

ఇంకో నియమం: అడుగు కుట్లన్నీ ఒకవైపు, పై కుట్లన్నీ రెండో వైపు వాలాలి. ఒక్కటి ఎదురు తిరిగినా దాని మీద వెలుతురు వేరేగా పడి, పెళ్ళి గ్రూప్ ఫోటోలో పక్కకి చూస్తున్న బావగారిలా అదొక్కటే కనిపిస్తుంది. దారం చివర ముడి వేయకూడదు, కొసని వెనక కుట్ల కింద దాచాలి. ఎందుకంటే వెనక్కి తిప్పి చూసేవాళ్ళుంటారు. మా అత్తగారు అసలు ముందువైపు చూడరు. కూరగాయలు, కోడళ్ళు, కుట్టుపని, దేన్నైనా ఆవిడ తిరగేసే చూస్తారు.

ఆవిడకి నా దారాల భాష ఒక పట్టాన అర్థం కాదు. ఈ దారాలకి రంగుల పేర్లుండవు, నంబర్లే. యాంకర్ దారాల్లో 403 అంటే నలుపు. ఒకనాడు చిలక కంటి దగ్గరికి వచ్చేసరికి నల్లదారం కనపడక "అయ్యో, నా 403 పోయింది!" అన్నాను. లోపల జపం చేసుకుంటున్న అత్తగారు మాల ఆపి బయటికొచ్చారు. "ఎప్పుడు పోయిందే అమ్మాయ్? నిన్న లిఫ్టులో నాతో ఊరగాయ గురించి మాట్లాడిందిగా!" మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. 403లో ఉన్నావిడ ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. అత్తగారు మాత్రం ఆవిడ కనపడినప్పుడల్లా "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని ప్రత్యేకంగా అడుగుతున్నారు.

ఇది ఆడవాళ్ళ కాలక్షేపమని తీసిపారేసేవాళ్ళకి మేజర్ అలెక్సిస్ కస్డాగ్లీ కథ చెబుతుంటాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి చిక్కిన బ్రిటిష్ అధికారి. ఖైదులో తోచక 1941 డిసెంబరులో ఒక క్రాస్ స్టిచ్ కుట్టాడు. జర్మన్లు ముచ్చటపడి దాన్ని తమ ఖైదీల శిబిరాల్లో ప్రదర్శనకి పెట్టారు. చుట్టూ బోర్డరులో ఉన్న చుక్కలూ గీతలూ డిజైను అనుకున్నారు పాపం. అవి మోర్స్ కోడ్. అందులో తమ రాజుగారికి జేజేలతో పాటు హిట్లర్‌కి ఓ పచ్చిబూతు కుట్టి పెట్టాడు. ఈ కథ చెప్పిన దగ్గర్నుంచి మా వారు నా ప్రతి బోర్డరునీ కళ్ళజోడు సవరించుకుని చూస్తున్నారు. "ఇక్కడేం రాశావు?" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. కాపురంలో ఆ మాత్రం భయం ఉండాలి.

కార్డుల సంగతికొస్తే, ఈ అచ్చు క్రిస్మస్ కార్డు పుట్టిందే బద్ధకంలోంచి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి క్రిస్మస్‌కి అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేకపోయింది. హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి వెయ్యి కార్డులు అచ్చొత్తించాడు. తను వాడుకోగా మిగిలినవి షిల్లింగు చొప్పున అమ్మకానికి పెట్టారు. (అమ్మేసే ఆలోచన ఆనాడే ఉందన్నమాట.) ఆయన పొద్దు కలిసి రావడానికి కనిపెట్టినదాని మీద నేను పొద్దంతా వెచ్చిస్తున్నాను. దళసరి అట్టని వంచితే మడత పగులుతుంది. అందుకని స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత గీసి, ఆ గాడి వెంట మడవాలి. మా ఇంట్లో ఇంకు ఉన్న పెన్ను కావాలంటే దొరకదు. ఇంకు లేనివి మాత్రం భద్రంగా ఓ డబ్బాలో ఉంటాయి.

నా కార్డులకి ముడిసరుకు పాత శుభలేఖలు. హైదరాబాద్ పాతబస్తీలో ఛత్తా బజార్ వెళ్తే శుభలేఖలు అచ్చేసే దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడి పనితనం ఒక్క పెళ్ళితో చెత్తబుట్టలో పడటం నాకు నచ్చదు. బంగారుపూత గణపతి, ఉబ్బెత్తు అక్షరాలు, అరటిచెట్లు, సన్నాయి మేళం, పట్టు కుచ్చు, ఏదీ పారేయతగ్గది కాదు. అత్తగారు మొదట్లో "దేవుణ్ణి కత్తెరతో కోస్తావా?" అని గగ్గోలు పెట్టారు. తర్వాత రాజీకొచ్చాం. గణపతి చుట్టూ అంగుళం జాగా వదలాలి, పసుపు రాసిన మూల జోలికి పోకూడదు, స్నానం చేశాకే కత్తెర పట్టాలి. వధూవరుల పేర్లని ఎలా కోసినా ఆవిడకి అభ్యంతరం లేదు.

ఇంత కష్టపడి చేసిన కార్డు చేతికిస్తే మనవాళ్ళు ముందు దాన్ని దులుపుతారు. లోపల నూటపదహార్లు ఉన్నాయేమోనని. లేవని తేలాక "ఓ, నువ్వే చేశావా!" అంటారు. చేతి కార్డుతో వాళ్ళకొచ్చే చిక్కేమిటంటే పారేయలేరు, పెట్టుకోలేరు. మా చుట్టాల్లో ఒకావిడ ఈ చిక్కుకి మార్గం కనిపెట్టింది. ఆవిడ మనవడి పుట్టినరోజుకి నేనిచ్చిన కార్డు, పేరు మీద ఇంకో కాగితం అంటుకుని, మా షష్టిపూర్తికి నాకే వచ్చింది. గణపతిని చూడగానే పోల్చుకున్నాను. నా పనితనం చెక్కు చెదరలేదు.

అమ్మకం సంగతి కూడా తేల్చేస్తాను. మా అపార్ట్‌మెంటులో ఒకావిడ గృహప్రవేశానికి వంద కార్డులు కావాలంది. శుక్రవారానికల్లా ఇవ్వాలట. ధర చెప్పకముందే "కాగితమేగా ఆంటీ, కొంచెం చూసి చెప్పండి" అంది. గడువూ, బేరమూ, పై అధికారీ ఉన్న పని నేను ముప్పై ఏళ్ళు చేశాను. దానికి పెన్షన్ కూడా వస్తోంది. మళ్ళీ అదే పనికి కుదరనని చెప్పేశాను.

మాది పాలకొల్లు వైపు. పక్కనే నరసాపురం. అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతుంటే చూస్తూ పెరిగాను. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. ఆ లేసు విదేశాలకి పోతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మనీకి చెందిన మరియా మీస్ 1982లో ఆ లేసు అల్లేవాళ్ళ మీద ఏకంగా పుస్తకమే వేసింది. పొద్దస్తమానం నడుం విరిగేలా అల్లినా, వీళ్ళు ఇల్లాళ్ళు, తీరిక వేళ ఏదో చేసుకుంటున్నారనే పేరు పెట్టి నాలుగు డబ్బులు చేతిలో పెట్టారని ఆవిడ తేల్చింది. నాకు వింతగా ఉండేది ఇదే. పొట్టకూటికి అల్లేవాళ్ళ పనిని కాలక్షేపమంటారు, కాలక్షేపానికి కుట్టే నన్ను పట్టుకుని వ్యాపారం చేయమంటారు. ఆ సలహాలేవో వాళ్ళ కూలి పెంచడానికి ఖర్చు చేస్తే బాగుంటుంది.

స్క్రాప్‌బుక్ అన్న మాట ఈ మధ్య వినిపిస్తోంది గానీ తెలుగువాళ్ళకి ఆ పిచ్చి పాతదే. వారపత్రికల్లో సీరియల్స్ చింపి బైండు చేయించని ఇల్లేది? వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు కత్తిరించి దాచుకోని వాళ్ళెవరు? మా అమ్మ మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపి అంటించేది. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. నండూరి రామమోహనరావు గారి పుణ్యాన మనకి తెలుగులో దొరికిన టామ్ సాయర్, ఆ టామ్‌ని పుట్టించిన మార్క్ ట్వేన్ గారికి కూడా ఇదే పిచ్చి. జిగురు కోసం వెతుక్కోవడం విసుగెత్తి, పేజీల మీద ముందే జిగురు పూసి ఉండే స్క్రాప్‌బుక్కుకి 1873లో పేటెంటు తీసుకున్నాడు. తడి చేసి అంటించడమే. మైలుతుత్తం సంగతి మా అమ్మని అడిగుంటే చెప్పేది.

నా ఇబ్బంది జిగురుతో కాదు, అంటించడానికి ఏమీ దొరకకపోవడంతో. మా నాన్నగారి అట్ట రైలు టికెట్టు మీద ఊరి పేరు ఇప్పటికీ చదవొచ్చు. ఇప్పటి బిల్లులన్నీ వేడికి అచ్చయ్యే థర్మల్ కాగితం. భద్రంగా అంటించి, రెండేళ్ళ తర్వాత తెరిచి చూస్తే హోటలూ లేదు, బిర్యానీ లేదు, తెల్లకాగితం మిగిలింది. సినిమా టికెట్టు ఫోనులో నలుపూ తెలుపూ గడుల బొమ్మ. (ఒకరకంగా అది క్రాస్ స్టిచ్ నమూనాయే. 403తో ఒకటి కుట్టాలని ఉంది.) రైలు టికెట్టు మెసేజీ. అన్నిటికన్నా దారుణం, శుభలేఖలు వాట్సాప్‌లో వీడియోలుగా వస్తున్నాయి. అందులో గణపతి నాట్యం చేస్తాడు, సన్నాయి వినిపిస్తుంది, కత్తెరకి మాత్రం ఏదీ చిక్కదు.

అందుకని ఇది చదువుతున్నవారికి ఒక మనవి. మీ బీరువా అడుగున, అటక మీద, పాత సూట్‌కేసు జేబులో అచ్చు శుభలేఖలుంటే పారేయకండి. చుట్టుపక్కల నాలాంటిది ఒకతి ఉండే ఉంటుంది, ఆవిడకి ఇవ్వండి. గణపతి బంగారుపూతదైతే మరీ మంచిది. ఆ పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారో లేదో మాకు అనవసరం. ఇచ్చినందుకు బదులుగా మీకో కార్డు చేతికొస్తుంది. దులపకండి, లోపల నూటపదహార్లు ఉండవు.