ఐదో వారం శుక్రవారం: పొద్దున శంకరాభరణం, సాయంత్రం కల్యాణి

కరపత్రం వచ్చేసింది. మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. రాకపోతే ఈ ఆదివారంలోగా న్యూజెర్సీ నుంచో డల్లాస్ నుంచో ఎవరో ఒకరు పంపుతారు, కింద రెండు దణ్ణాల బొమ్మలు పెట్టి. ఆరు వారాల రెసిడెన్షియల్ సంగీత విద్య, మాస్టర్స్ స్థాయి, శంషాబాద్‌లో ఓ రిసార్టులో. అట్ట మీద వీణ, దాని పైన విమానం. వీణకంటే విమానం పెద్దది. అక్కడ మాత్రం నిజం చెప్పారు.

శంషాబాద్‌కి ఇదొక్కటే తక్కువైందని నేనూ ఒప్పుకుంటాను. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారినప్పటి నుంచి పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఫామ్‌హౌస్‌లయ్యాయి, ఫామ్‌హౌస్‌లు కన్వెన్షన్ సెంటర్లయ్యాయి. ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యులవారు 2022లో కొలువుదీరారు. అమ్మపల్లి రాముడి గుడిలో సినిమావాళ్లు తీయని పెళ్లి లేదు. మిగిలింది త్యాగరాజస్వామి ఒక్కరే. ఆయనకీ ఓ ఏసీ గది బుక్ చేశారు.

కరపత్రంలో అన్నిటికంటే ముందున్న విశేషం 'ఎయిర్‌పోర్టుకు పదిహేను నిమిషాలు'. రెండోది ఔటర్ రింగ్ రోడ్డు. మూడోది ఈతకొలను. గురువుల పేర్లు నాలుగో పేజీలో, వైఫై వేగం కింద. గురుదక్షిణ మీద 18 శాతం జీఎస్టీ అదనమట. పట్టా ఇస్తామని మాత్రం ఎక్కడా అనలేదు. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయం కానివాడు డిగ్రీ ఇస్తే నేరం. 'స్థాయి' అంటే నేరం కాదు. చివరి రోజు నల్ల గౌను, కుచ్చు టోపీ మాత్రం వాళ్లే అద్దెకు తెప్పిస్తారు.

ఉదయం మూడున్నరకి సాధకం పెట్టారు. బ్రాహ్మీ ముహూర్తంలో మంద్రస్థాయి సాధన మన పెద్దల సంప్రదాయమని ఓ పేరా రాశారు కూడా. చదివి నాకు కళ్లు చెమర్చబోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, అమెరికా నుంచి దిగినవాడికి మొదటి వారం రోజులూ ఎలాగూ రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తుందని. పైకప్పుని చూస్తూ పడుకునే బదులు స రి గ మ అనమన్నారు. జెట్‌ల్యాగ్‌ని ఉపాసనగా మార్చి దానికి డబ్బు పుచ్చుకోవడం పూర్వం ఏ వాగ్గేయకారుడికీ తట్టలేదు.

అయితే నన్ను ఇంతలా కూర్చోబెట్టి రాయిస్తున్నది మూడున్నర కాదు, ఈతకొలనూ కాదు. ఏడో పేజీలో ఒక్క వాక్యం. 'ఆరు వారాల్లో 72 మేళకర్త రాగాలూ సంపూర్ణంగా.'

కాగితం తీసి లెక్క వేశాను. వారానికి ఆరు రోజులు క్లాసులు, ఆదివారం గోల్కొండ, చార్మినార్. ఆరార్లు ముప్ఫై ఆరు. 72ని 36తో భాగిస్తే రోజుకి రెండు. సరిగ్గా రెండు, శేషం లేదు. మేళకర్తల్లో మొదటి 36 శుద్ధ మధ్యమం, తర్వాతి 36 ప్రతి మధ్యమం. పొద్దున శుద్ధ మధ్యమ రాగం చెప్పి, మధ్యాహ్నం భోజనం పెట్టి, సాయంత్రం ఆ మధ్యమం ఒక్కటి మార్చేస్తే రెండో క్లాసు తయారు. ఇంత నున్నటి లెక్క చూసి నేను కాసేపు నిజంగానే ముచ్చటపడ్డాను. 17వ శతాబ్దంలో చతుర్దండి ప్రకాశిక రాసిన వేంకటమఖి కూడా 72కి లెక్కకట్టాడు గాని, తన కాలంలో వాడుకలో ఉన్నవి 19 మాత్రమేనని ఒప్పుకున్నాడు. పాపం, ఆయనకి రిసార్టు లేదు.

ఇప్పుడు ఆ లెక్కని క్యాలెండర్ మీద పరవండి. మొదటి సోమవారం పొద్దున కనకాంగి, సాయంత్రం సాలగం. రెండూ వివాది మేళాలు. జీవితమంతా కచేరీలు చేసినవాళ్లు కూడా ఆచితూచి దిగే చోటు. 72లో నలభై ఇలాంటివే. ఎన్నేళ్ల క్రితమో సరళీ వరసలు ఆపేసినవాడు విమానం దిగి, సంచులు గదిలో పడేసి, వాటితో మొదలుపెడతాడు. మరి ఏ పిల్లకైనా మొదటి రోజు చెప్పే మాయామాళవగౌళ? అది 15వది. కాబట్టి మూడో వారం బుధవారం పొద్దున. అంటే సంగీతం ఎక్కడ మొదలవ్వాలో అక్కడికి మూడో వారంలో చేరుకుంటారు, అప్పటికి 28 రాగాలు 'సంపూర్ణంగా' వచ్చేసి ఉంటాయి. సాయంత్రం పంతువరాళి. బొబ్బట్లు కూడా ఉన్నాయి ఆ రోజు మెనూలో.

తోడి 8వది. రెండో వారం మంగళవారం, పది నుంచి పన్నెండున్నర, మధ్యలో టీ. తంజావూరు రాజులకాలంలో తోడి సీతారామయ్య అని ఒకాయన ఉండేవాడనీ, ఎనిమిది రోజులపాటు తోడి ఒక్కటే పాడేవాడనీ, అవసరమొచ్చి ఆ రాగాన్నే తాకట్టు పెట్టాడనీ మన విద్వాంసులు కథగా చెప్పుకుంటారు. తీర్చేదాకా తోడి పాడకూడదన్నది షరతు. ఎనిమిది రోజులు ఎక్కడ, రెండున్నర గంటలెక్కడ! ఈ కోర్సు చేసినవాడు తోడి తాకట్టు పెడతానంటే ఏ షావుకారు గుమ్మం ఎక్కనిస్తాడు? ఆ గాంధారం ఊగే తీరు ఉందే, అది కాగితం మీద ఉండదు, ఆరోహణ అవరోహణల్లో ఉండదు. వినీ వినీ, పాడి తిట్లు తినీ తినీ ఎప్పుడో ఓ రోజు గొంతులోకి వస్తుంది. కొందరికి రాదు. రానివాళ్లకి మరుసటి రోజు పొద్దున ధేనుక ఉంది, సర్దుకుపోవచ్చు.

ఇక 29, 65. ధీరశంకరాభరణం, మేచకల్యాణి. ఐదో వారం శుక్రవారం. ఒకే రోజు! డల్లాస్‌లో ఉండే మా మేనకోడలు ఫోన్ చేసింది. చిన్నప్పుడు రెండు వర్ణాల దాకా వచ్చి, ఇంటర్ అని ఆపించేసిన పిల్ల. నిజంగానే పాడాలని ఉంది దానికి, అందుకే మరీ మండింది నాకు. సెలవులన్నీ పోగేసి ఎక్సెల్ షీటు తయారుచేసుకుంది. "మావయ్యా, ఐదో వారం శుక్రవారం నాకు నానక్‌రామ్‌గూడలో వీసా స్టాంపింగ్ పడింది. శంకరాభరణం, కల్యాణి రెండూ పోతాయి. మేకప్ క్లాసు పెడతారంటావా?" అని అడిగింది. ఏం చెప్పను? శనివారం నాగానందిని, చిత్రాంబరి ఉన్నాయిగా తల్లీ, వాటితో గడుపుకో అన్నాను. అది నవ్వలేదు. షీటులో ఎర్రరంగు పులిమింది.

అమెరికాలో వేసవి మాస్టర్స్ లేదా అంటారు. ఉంది. అక్కడ బడుల్లో బ్యాండూ, కోరసూ నేర్పే టీచర్లు ఏడాదంతా పాఠాలు చెప్పి, సెలవుల్లో సంగీత కళాశాలకి వెళ్లి, అలా మూడు నాలుగు వేసవులు చదివి పట్టా తెచ్చుకుంటారు. షికాగోలో వాండర్‌కుక్ అనే సంగీత కళాశాల ఇలాంటి చదువుకే పేరు పడింది. వాళ్లు అప్పటికే డిగ్రీ చదివినవాళ్లు, వాయించగలిగినవాళ్లు, రోజూ క్లాసులో నిలబడేవాళ్లు. వేసవి వేసవికీ మధ్య తొమ్మిది నెలలు పిల్లల ముందు నేర్చుకున్నది పరీక్షకి నిలుస్తుంది. మనవాళ్లు అందులోంచి వేసవి ఒక్కటి తెచ్చుకున్నారు. సిలికానాంధ్రవాళ్లు కాలిఫోర్నియాలో 2016లో విశ్వవిద్యాలయమే పెట్టి కర్ణాటక సంగీతంలో ఎం.ఏ. చెబుతున్నారు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి. అక్కడా సెమిస్టర్లు గడవాల్సిందే. అంత దూరంలో ఉన్నవాళ్లకి తెలిసింది ముచ్చింతల్ రోడ్డు మీదున్నవాళ్లకి తెలీలేదా?

తెలుసు. తెలిసే చేశారు.

రాంకోటిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. సికింద్రాబాద్‌లో భక్త రామదాసు పేరిట ఇంకొకటి ఉంది. సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. మొత్తం ఆరేళ్లు. ఫీజు ఎంతంటే, ఈ రిసార్టులో ఒక్క రాత్రి గది అద్దెకి అక్కడ ఏడాది చదువు గడిచిపోతుంది. పోస్టులు ఖాళీ అయితే నిండవు. రిటైరైనవారి కుర్చీలో పార్ట్‌టైమ్ మనిషిని కూర్చోబెడతారు, ఆ మనిషి జీతం కోసం కాగితాలు పట్టుకుని తిరుగుతాడు. ఆ మనిషినే, చూడండి, సరిగ్గా ఆ మనిషినే ఈ రిసార్టువాళ్లు కారు పంపించి పిలుస్తారు. ఆయన వెళ్తాడు. ఎందుకు వెళ్లడు? ఇంటద్దె కట్టొద్దూ? 36 రోజుల్లో 72 మేళాలు చెప్పమంటే ఆయనకి సిగ్గుగా ఉంటుంది. మనకి లేదు. ఇరవై ఏళ్లు గొంతు అరగదీసుకున్నవాడి చేత పెళ్లిభోజనం వడ్డించినట్టు రాగాలు వడ్డిస్తున్నాం, ఎవరి విస్తట్లోనూ ఏదీ తక్కువ కాకుండా.

శంషాబాద్ పిల్ల సర్కారు కాలేజీలో పాట నేర్చుకోవాలంటే బస్సులు మారి రాంకోటి దాకా పోవాలి. చీకటిపడ్డాక మళ్లీ రావాలి. తన ఊళ్లోనే, తన తాత పొలం అమ్మిన చోటే, గేటు లోపల తోడి చెబుతుంటే ఆ పిల్ల లోపలికి వెళ్లలేదు. గేటు దగ్గర క్యూఆర్ కోడ్ అడుగుతారు. అదే గేటు లోపలికి మొన్నటి మాఘంలో వాళ్ల నాన్న సన్నాయి పట్టుకుని వెళ్లాడు, వెనక వంటవాళ్ల దారిన. తాళి కట్టే వేళకి పెళ్లిపందిట్లో ఏ రాగం పలకాలో ఆయనకి ఏ మాడ్యూలూ చెప్పలేదు. కరవది నుంచి బయల్దేరిన షేక్ చినమౌలానా నాదస్వరం కోసం నాచియార్‌కోయిల్ దాకా వెళ్లి గురువుల్ని వెతుక్కున్నాడు, శ్రీరంగంలో స్థిరపడ్డాడు. ఘంటసాల విజయనగరంలో జోలె కట్టి మాధుకరం తెచ్చుకుని తిన్నాడు. మహారాజా 1919లో పెట్టిన సంగీత కళాశాల ఆకలి తీర్చలేదు గాని గుమ్మంలో ఆపలేదు. ఇవాళ గుమ్మంలో ఆపుతున్నాం. లోపలున్నవాళ్లకి ఆర్గానిక్ బఫే.

ఉద్యోగం చేసుకునేవాడికి సంగీతం వద్దా అని మా ఇంట్లోనే నన్ను దులిపేశారు. ఎవరన్నారు వద్దని? శ్రీపాద పినాకపాణిగారు డాక్టరు. కర్నూలు వైద్య కళాశాలలో పనిచేశారు. డ్యూటీ దిగి వచ్చి పాడుకున్నారు, రాసుకున్నారు, ఫీజు మాటెత్తకుండా పాఠం చెప్పారు. నేదునూరి, ఓలేటి వంటి గాయకులు ఆయన దగ్గర పాఠం విన్నవాళ్లే. ఆయన స్వరలిపితో రాసిపెట్టిన కృతులు 'సంగీత సౌరభం' పేరుతో నాలుగు సంపుటాలుగా తిరుపతి దేవస్థానం వేసింది. ఉద్యోగం అడ్డమొచ్చిందని ఆయన రాగాన్ని కుదించలేదు. మా మేనకోడలికీ నేను ఇదే చెప్పాను: రెండు వర్ణాలు వచ్చుగా, మూడోది పట్టుకో. డల్లాస్‌లోనే ఓ మంచి గురువుని వెతుక్కో. ఈ సెలవులకి ఇక్కడికొస్తే ఒక్క రాగం, ఒక్కటంటే ఒక్కటి, రోజూ పొద్దున్నే మా పక్కవీధి టీచరుగారి దగ్గర కూర్చో. టీచరుగారికి వెబ్‌సైట్ లేదని తెలిసి దానికి కొంచెం అనుమానం వచ్చింది.

ఈ కోర్సు సరిగ్గా వానల్లోనే ఎందుకు పెట్టారో మొదట నాకు అంతు చిక్కలేదు. మన ఎండాకాలం సెలవులు జూన్‌లోనే అయిపోతాయి. ఇక్కడి పిల్లలు బడికి వెళ్తుంటారు, బయట వాన. వీధుల్లో బోనాల డప్పులు. ఆ డప్పు వినడానికి ఫీజు లేదు, అది కోర్సులోనూ లేదు. అమెరికా సెలవులు అప్పుడే గనక అన్నారు ఎవరో. సగం నిజం. మిగతా సగం పంచాంగంలో దొరికింది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. శంషాబాద్ చుట్టూ ఉన్న హాళ్లన్నీ ఆ నాలుగు వారాలూ ఖాళీ. ముందో వెనకో మూఢమో, ముహూర్తాల్లేని రోజులో కలుపుకుంటే ఆరు వారాలు. వంటవాళ్లకి జీతాలివ్వాలి, ఏసీలు పాడవకుండా తిప్పాలి, ఈతకొలనులో నీళ్లు మార్చాలి. ఇన్ని చేసే బదులు మేళకర్తలు చెబితే పోలేదా!

నమ్మకం కుదరక వాళ్ల నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తిన కుర్రాడు మర్యాదస్తుడు, 'సార్' తప్ప మాట లేదు. ఆరో వారం శనివారం 36వ రోజు కదా బాబూ, చలనాట పొద్దున, 72వది రసికప్రియ సాయంత్రం, ఆ తర్వాతేనా టోపీలు అని అడిగాను. కాదన్నాడు. ఆ రోజు మాత్రం రెండూ పదకొండులోపే అయిపోతాయి సార్, టోపీలు పదకొండున్నరకి, పన్నెండింటికి చెక్-అవుట్. శ్రావణం మొదటి ముహూర్తం ఆ రాత్రికే ఉంది, పూలవాళ్లు మధ్యాహ్నం నుంచే హాలు అడుగుతున్నారు.