వధూవేణీ సూత్రం – ‘మెడనొప్పి’ వ్యాఖ్యాసహితం

మూలం: వధువు తన వ్యక్తిత్వమునకు తగిన కేశాభరణమును తానే ఎంచుకొనవలెను.

అవతారిక: ఈ సూత్రకర్త ఎవరో తెలియదు. మాఘమాసపు ముహూర్తాలు మొదలైతే చాలు, తిరుపతిలో ఏ బ్యూటీ పార్లర్ మెట్లెక్కినా, చిత్తూరులో ఏ అద్దె నగల దుకాణంలో కూర్చున్నా ఇదే వాక్యం, ఇదే గాంభీర్యంతో వినబడుతుంది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి ముందే ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానానికి దిగేవాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు, ఒట్టు చెల్లింది. నాకు దొరికింది ఇది.

ప్రతిపదార్థం: సులభం. పాఠకులే చెప్పుకోగలరు.

పూర్వపక్షం: గుండ్రటి ముఖానికి ఒక రకం జడబిళ్ళలు, కోలముఖానికి మరో రకం అని స్టైలిస్టుల మతం. జడ వేలాడేది వీపున. ముఖంతో దానికి పనేమిటి?

సిద్ధాంతం: సెట్టు మొత్తం అమ్ముడుపోవాలి.

విశేషం: ‘కేశాభరణము’ అన్నాడు. ఆభరణం సరే, కేశం ఎవరిది? భుజాల దాకా కత్తిరించుకున్న జుట్టుకు మోకాళ్ళ దాకా జడ కావాలంటే సవరం పెట్టాలి. సవరం అనగానే దాచుకోవలసిన సంగతిలా గొంతు తగ్గిస్తారు. ఏడుకొండల నీడన బతికేవాళ్ళకు ఈ సిగ్గు దేనికి? పుట్టలో ఉన్న శ్రీనివాసుడి తలకు గొల్లవాడి గొడ్డలి తగిలి, ఆ మేర జుట్టు ఊడిపోతే, గంధర్వకన్య నీలాదేవి తన కురులు కోసి అతికించిందని స్థలపురాణం. ఆమె పేరనే నీలాద్రి. ఆ దెబ్బ తగిలింది పెళ్ళికి ముందే. అంటే, ఆకాశరాజు కూతురు పద్మావతి చేయి పట్టుకునే నాటికి పెళ్ళికొడుకే సవరంతో ఉన్నాడు! కుబేరుడి దగ్గర అప్పు చేసిన మాట అందరికీ తెలుసు, ఈ మాట ఎవరూ ఎత్తరు. 2022లో చిత్తూరు నుంచి విడిపోయి తిరుపతి జిల్లాలో చేరిన నారాయణవనంలోనే ఆ పెళ్ళి జరిగిందంటారు. పెళ్ళినాటి తిరగలి అని గుడిలో చూపిస్తారు కూడా. పద్మావతి జడబిళ్ళ ఏదని అడిగిన వ్యాఖ్యాత నేటివరకు లేడు.

ఇంకొంచెం ముందుకు పోదాం. నీలాదేవి రుణం తీర్చడానికే మనం తలనీలాలిస్తాం. కల్యాణకట్టలో రాలిన జుట్టును పొడవును బట్టి రకాలుగా విడదీసి, దేవస్థానం ఈ-వేలంలో అమ్ముతుంది. ఆడవాళ్ళ పొడవాటి జుట్టుకే ధర ఎక్కువ. అది విగ్గులై, సవరాలై దేశాలు తిరుగుతుంది. ఏ తల్లి తన బిడ్డ జ్వరం తగ్గాలని మొక్కి ఇచ్చిన జుట్టు ఏ పెళ్ళికూతురి వీపున వేలాడుతుందో ఎవరు చెప్పగలరు? ఇప్పుడు సెలవివ్వండి సూత్రకర్తా, ఇక్కడ ఎవరి వ్యక్తిత్వానికి ఏది తగినది?

పూల సంగతీ ఇంతే. తిరుమలలో పువ్వులన్నీ స్వామివే, భక్తురాళ్ళు తలలో పెట్టుకోకూడదని ఆచారం. అదే కొండమీద బ్రహ్మోత్సవాల గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుంచి గోదాదేవి మాలలు వస్తాయి. దేవుడికని కట్టిన దండను ముందు తాను ముడుచుకుని, అద్దంలో చూసుకుని, ఆ తర్వాత పంపిన పిల్ల ఆవిడ. కృష్ణదేవరాయలు తన కావ్యానికి ఆ పని మీదనే పేరు పెట్టాడు. ‘తానే ఎంచుకొనుట’ అంటే అది. గోదాదేవిని ఏ స్టైలిస్టూ పక్కకు తిరగమనలేదు.

ఇక మిగిలింది ‘తానే’. శుద్ధ అబద్ధం. దుకాణంలో పెళ్ళికూతురు స్టూలు మీద కూర్చుంటుంది. కాబోయే అత్తగారు రాకిడి పెద్దది కావాలంటుంది. మేనత్త నాగరం వైపు మొగ్గుతుంది. సూర్యుడు, చంద్రుడు, బిళ్ళల వరస, చివర మూడు కుప్పెలు ఒక్కొక్కటే ఎక్కుతాయి. అంతా అయ్యాక ఫోటోగ్రాఫరు ఫోన్‌లో చూసి, “డ్రోన్ షాట్‌లో పడదక్కా, ఇంకా పెద్దది చూడండి” అంటాడు. ఆకాశం నుంచి చూసేవాడికి జడ కనబడాలి! మూలన కూర్చున్న అవ్వ ఒక్కతే అడుగుతుంది: “ఏమ్మే, ఇది బిడ్డకా, తేరుకా?” ఆ ప్రశ్నకు జవాబు చెప్పరు, అవ్వకు కాఫీ తెప్పిస్తారు.

సత్యభామ జడ లేదా అని స్టైలిస్టులు ఎదురు ప్రశ్న వేస్తారు. ఉంది. భామాకలాపంలో ఆమె ఆ జడను తెర మీదుగా ముందుకు వేసి సభకే సవాలు విసురుతుంది. పీటల మీద, హోమం పొగలో, గంటలకొద్దీ తల వంచుకుని కూర్చోలేదు. మన పిల్లను అర్ధరాత్రి లేపి, పిన్నులు గుచ్చి, వెనక్కి ఆనుకోవద్దు, పడుకోవద్దు, గోక్కోవద్దు అని మూడు నిషేధాలు పెడతారు. తీరా ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టవలసిన నడినెత్తిన రాకిడి కూర్చుని ఉంటుంది. “అయ్యవారూ, కొంచెం పక్కకి పెట్టించండి, స్ప్రే పోతుంది” అని స్టైలిస్టు పురోహితుడికి చెప్పడం నేను చెవులారా విన్నాను. పెళ్ళి దేనికి జరుగుతున్నట్టు? జీలకర్ర బెల్లానికా, రాకిడికా?

పాఠాంతరం: కొన్ని ప్రతులలో ‘ఎంచుకొనవలెను’కు బదులు ‘అడ్వాన్సు చెల్లించవలెను’ అని ఉంది. అదే ప్రామాణికం.

తాత్పర్యం: మెడ పెళ్ళికూతురిది, ఎంపిక ఫోటోగ్రాఫరుది, బిల్లు నాయనది. ఆడబిడ్డల తల్లిదండ్రులకు మనవి: బేరం కుదిరేలోపు ఆ జడ బిడ్డకు కట్టించి, దుకాణంలోనే ఒక గంట కూర్చోబెట్టండి. మెడ నొప్పి అన్నదా, జడను అక్కడే వదిలేసి నాలుగు మూరల మల్లెపూలు కొనుక్కుని ఇంటికి రండి.