రాజ్‌దూత్ 350: ఒక టూ స్ట్రోక్ ఆత్మకథ

ఈ ఆత్మకథ 1984లో హర్యానాలోని ఫరీదాబాద్‌లో తయారై, హైదరాబాద్‌లో అమ్ముడై, ప్రస్తుతం విజయవాడలో నడుస్తున్న ఒక రాజ్‌దూత్ 350 మోటార్‌సైకిల్‌ది. కథ చెప్పేదీ కథలో ఉన్నదీ ఒకటే అయినా, అది ప్రథమ పురుషలో తనను ‘ఈ యంత్రం’ అనే పేర్కొంటుంది. దానికి ఒక్కదానికే జరిగినవి తక్కువ, దాని జాతి మొత్తానికి జరిగినవి ఎక్కువ కావడమే ఇందుకు కారణం. దేశంలో ఏడేళ్లపాటు తయారై, కొనేవారు లేక ఆగిపోయిన బండి, ఇప్పుడు షోరూము ధరకు ఎన్నో రెట్లు పలుకుతున్నదంటే, ఈ మధ్యకాలంలో దాని ఇనుము మారలేదు, దాన్ని కొలిచే కొలమానం మారింది. ఆ కొలమానం ఎలా మారిందన్నదే ఈ కథలోని అసలు విషయం.

వంశం సంగతికి వస్తే, మూలాలు జపాన్‌లోని హమమత్సు పట్టణంలో ఉన్నాయి. అక్కడ 1887లో తొరకుసు యమహా అనే ఆయన రీడ్ ఆర్గన్, అంటే తిత్తి గాలితో లోహపు రేకులు కంపించి స్వరం పలికే వాయిద్యం, తయారుచేశాడు. ఆ వాయిద్యాల సంస్థ నుంచి 1955 జూలైలో వేరుపడి ఏర్పడినదే యమహా మోటార్ కంపెనీ. దాని తొలి బండి వైఏ-1కు జర్మనీకి చెందిన 125 సీసీ డీకేడబ్ల్యూ నమూనా ఆధారం కాగా, అది పుట్టిన ఏడాదే ఫుజి పర్వతం మీదికి ఎక్కే పందెంలో తన తరగతిలో గెలిచింది. అప్పటి నుంచి ఆ సంస్థకు పందెపు బాటే పరిశోధనశాల అయింది. బ్రిటన్‌కు చెందిన ఫిల్ రీడ్ 1964లో 250 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను యమహా మీద గెలవగా, ఫిన్లాండ్ యువకుడు యార్నో సారినెన్ 1973లో అమెరికాలోని డేటోనా 200 మైళ్ల పందెంలో 350 సీసీ యమహాతో 750 సీసీ బండ్లను వెనక్కి నెట్టాడు. సరిగ్గా ఆ ఏడాదే ఆర్‌డీ 350 అనే వీధిబండి మార్కెట్లోకి వచ్చింది. పందెగాళ్లకు అమ్మిన టీజెడ్ 350కీ, మామూలు కొనుగోలుదారుకు అమ్మిన ఆర్‌డీ 350కీ సిలిండరు కొలతలు ఒకటే: వ్యాసం 64 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 54 మిల్లీమీటర్లు, రెండు సిలిండర్లకు కలిపి 347 సీసీ. పందెపు బండి సిలిండర్లను నీళ్లు చల్లబరిచేవి, వీధిబండి సిలిండర్లను ఎదురుగాలే చల్లబరిచేది.

ఈ యంత్రం స్వభావం అర్థం కావాలంటే టూ స్ట్రోక్ అంటే ఏమిటో తెలియాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ నాలుగు సార్లు కదిలితే, అంటే క్రాంకు రెండు చుట్లు తిరిగితే, ఒకసారి ఇంధనం మండి శక్తి పుడుతుంది; టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ శక్తి పుడుతుంది. వాల్వులను తెరిచి మూసే యంత్రాంగం ఇందులో ఉండదు, దానికి బదులు సిలిండరు గోడలోనే పోర్టులనే కిటికీలుంటాయి, వాటిని పిస్టనే పైకీ కిందికీ కదులుతూ మూస్తుంది, తెరుస్తుంది. కొత్తగా వచ్చే పెట్రోలు-గాలి మిశ్రమమే కాలిన పొగను బయటికి నెట్టాలి కాబట్టి, ఆ తోపులాటలో కొంత మిశ్రమం మండకుండానే సైలెన్సరు దారి పడుతుంది. తేలికగా ఉండి ఎక్కువ శక్తినివ్వడం, ఎక్కువ పెట్రోలు తాగి ఎక్కువ పొగ వదలడం అనే రెండు గుణాలకూ మూలం ఇదే. ఈ యంత్రాన్ని మెచ్చుకున్నవారు మొదటి గుణాన్నీ, తిట్టుకున్నవారు రెండో గుణాన్నీ చూశారు; నిజానికి అవి ఒకే గుణానికి రెండు ముఖాలు.

లోపలికి వచ్చే మిశ్రమాన్ని అదుపులో పెట్టడానికి యమహా ఇంజనీర్లు చేసిన ఏర్పాటు రీడ్ వాల్వ్. కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య వాలుగా అమర్చిన చట్రం మీద పలుచని ఉక్కు రేకులు ఉంటాయి. పిస్టన్ పైకి లేచి లోపల పీల్పు పుట్టగానే అవి విచ్చుకొని మిశ్రమాన్ని లోపలికి రానిస్తాయి, పిస్టన్ దిగి ఒత్తిడి పెరగగానే టక్కున మూసుకొని మిశ్రమం కార్బురేటరులోకి వెనక్కి పోకుండా ఆపుతాయి. హార్మోనియం పెట్టెలో స్వరం పలికే రేకుకూ దీనికీ పని వేరైనా, గాలి ఒత్తిడికి తనంతట తాను స్పందించే సూత్రం ఒకటే. వాయిద్యాలు చేసిన వంశంలో పుట్టిన యంత్రానికి ఇది తగిన అవయవమే. దీనివల్ల తక్కువ వేగంలో ఇంజను మొరాయించడం తగ్గింది. దీనికి తోడు పెట్రోల్లో ఆయిలు కలిపే అవసరం లేకుండా, వేరే ట్యాంకులోని ఆయిలును యాక్సిలరేటరు తిప్పినంత మేరకు ఇంజనుకు అందించే ఆటోల్యూబ్ పంపు, ఆరు గేర్లు ఉండటంతో, జపాన్ నమూనా నిమిషానికి 7,500 చుట్ల దగ్గర 39 హార్స్‌పవర్ ఇచ్చేది.

భారతదేశానికి ఈ నమూనా పదేళ్లు ఆలస్యంగా వచ్చింది. యమహా స్వయంగా ఆర్‌డీ 350ని పక్కనపెట్టి 1976లో ఆర్‌డీ 400కు మారిపోయిన తర్వాత, 1983లో ఎస్కార్ట్స్ సంస్థ దాన్ని రాజ్‌దూత్ 350 పేరుతో ఫరీదాబాద్‌లో తయారుచేయడం మొదలుపెట్టింది. రాజ్‌దూత్ అంటే అప్పటివరకూ జనానికి తెలిసింది పోలండ్ నమూనా ఆధారంగా వచ్చిన 175 సీసీ బండి, పాలక్యాన్లు వేసుకుని పల్లె బాటల్లో నడిచే నిదానపు మనిషి బండి. అదే పేరుతో వచ్చిన కొత్త బండికి తయారీదారు చెప్పిన శక్తి 30.5 హార్స్‌పవర్, ఆనాటి బుల్లెట్ 350కి సుమారు 18, యెజ్డి రోడ్‌కింగ్‌కు సుమారు 16 ఉండేవి. అంటే దేశంలో తయారవుతున్నవాటిలో అత్యంత శక్తిమంతమైన బండి, అత్యంత సాధుస్వభావమున్న పేరుతో వచ్చింది. పైగా జపాన్ నమూనాలో ముందుచక్రానికి ఉన్న డిస్క్ బ్రేకు స్థానంలో ఇక్కడ ఏడు అంగుళాల డ్రమ్ము బ్రేకు బిగించారు. వేగం పుట్టించే ఇంజను జపాన్ నుంచి వచ్చింది, వేగాన్ని ఆపే బ్రేకు రాలేదు. ఈ జాతికి అంటుకున్న ప్రమాదకరమైన బండి అన్న చెడ్డపేరులో కొంత వాటా ఆ నిర్ణయానిదే.

చెడ్డపేరు కంటే పెద్ద దెబ్బ కొట్టింది మైలేజీ. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది ఎస్కార్ట్స్ నుంచే యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. లీటరుకు ఎనభై కిలోమీటర్ల మాట ప్రకటనల్లోకెక్కిన ఆ రోజుల్లో, లీటరుకు ముప్పై కూడా దాటని బండిని ఇంట్లో ఉంచుకోవడానికి ఉద్యోగి కుటుంబం ఒప్పుకోలేదు. తయారీదారు 1985లో పోర్టుల్లోనూ సైలెన్సర్లలోనూ మార్పులు చేసి, శక్తిని 27 హార్స్‌పవర్‌కు దించి లో టార్క్ అనే రకాన్ని తెచ్చాడు. అంతకుముందరివి హై టార్క్ అనిపించుకున్నాయి. పొదుపు కోరినవారికి ఆ పొదుపు చాలలేదు, శక్తి కోరినవారికి ఈ శక్తి చాలలేదు. దశాబ్దం చివరికల్లా ఉత్పత్తి ఆగిపోయింది. హై టార్క్ తరానికి చెందిన ఈ యంత్రాన్ని కొన్న తొలి యజమాని, హైదరాబాద్‌లోని ఒక వ్యాపారి, బంకు ఖర్చుకు తట్టుకోలేక తక్కువ ధరకే వదిలించుకున్నాడు.

మార్కెట్ వద్దన్న గుణాన్నే పందెం కోరుకున్నది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మద్రాసు దగ్గర షోళవరంలో కట్టిన విమానాల రన్‌వే మీద, మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1950ల నుంచి పందేలు నిర్వహించేది; 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చేవరకూ దక్షిణాది పందెగాళ్లకు అదే పెద్ద వేదిక. చవకగా దొరికే సెకండ్‌హ్యాండ్ రాజ్‌దూత్ 350 అక్కడ కోరి తెచ్చుకునే బండి అయింది. రెండో యజమాని చేతిలో ఈ యంత్రపు ఎగ్జాస్ట్ పోర్టును ఆకురాయితో మిల్లీమీటరులో కొంత భాగం పైకి గీకారు. పొగ బయటికి పోయే కిటికీ ముందే తెరుచుకుంటే ఇంజను మరింత వేగంగా తిరుగుతుంది, కానీ కింది గేర్లలో లాగుడు చచ్చిపోతుంది. మామూలు సైలెన్సర్లు తీసేసి ఎక్స్‌పాన్షన్ చాంబర్లు బిగించారు. నడుమ ఉబ్బి చివర సన్నబడే ఈ గొట్టంలో పొగ పుట్టించిన ఒత్తిడి అల కొసకు తగిలి వెనక్కి మళ్లుతుంది, పారిపోతున్న తాజా మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ సంస్థకు పనిచేసిన వాల్టర్ కాడెన్ సాధించిన ఈ శాస్త్రం, చుట్ల లెక్క కుదిరిన చోట మాత్రమే ఫలిస్తుంది. అందుకే ఇలాంటి బండి ఒక వేగం వరకూ మామూలుగా నడిచి, ఆ గీత దాటగానే ముందుచక్రం లేచేంతగా లంఘిస్తుంది.

పందేలు ముగిశాక ఎదురైనవి తుక్కు సంవత్సరాలు. విడిభాగాలు దొరకనందువల్ల ఒక బండిని బతికించడానికి రెండు బండ్లను విప్పడం ఈ జాతికి ఆనవాయితీ అయింది; ఈ యంత్రపు ఎడమ కార్బురేటరు, మీటర్ల జత, ఆయిలు పంపు అలాగే వేరే బండ్లకు చేరాయి. ఉత్సాహమంటే కాపాడటమే అనుకోవడం పొరపాటు, ఉత్సాహం చంపినవి కూడా తక్కువేమీ కాదు. మూడో యజమాని దీన్ని విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డుకు చేర్చేనాటికి కిక్కు రాడ్డు మీద మనిషి బరువంతా వేసినా కదలని స్థితిలో ఇంజను పట్టేసింది.

అక్కడ జరిగిన పనిని దగ్గరగా చూస్తే, పాత యంత్రం దేనివల్ల బతుకుతుందో తెలుస్తుంది. ముసలి మెకానిక్కు ముందుగా సిలిండర్లు విప్పి, లోపలి గోడ మీద గోరుతో గీసి చూశాడు. గోరు తట్టుకున్న చోట పిస్టను రింగులు గోడను అరగదీసిన గాడి ఉన్నట్టు. లేత్ షాపులో బోరింగ్ కొట్టించి, అంటే సిలిండరు లోపలి వ్యాసాన్ని సమంగా పెద్దది చేయించి, ఆ కొలతకు సరిపోయే ఓవర్ సైజు పిస్టన్లు వేశారు. క్రాంకుకు రెండు పక్కలా ఉండే ఆయిలు సీళ్లు ఎండి పగిలితే అక్కడినుంచి గాలి జొరబడి, మిశ్రమంలో పెట్రోలు పలుచబడి, వేడికి పిస్టను అతుక్కుపోతుంది. కాబట్టి చూడ్డానికి బాగానే ఉన్న సీళ్లనూ మార్చారు. పిస్టను పైకొసకు చేరడానికి ఎంత ముందు నిప్పురవ్వ పుట్టాలో డయల్ గేజీతో కొలిచి, రెండు సిలిండర్లకూ విడివిడిగా ఆ రవ్వ సమయాన్ని నిర్ణయించే పాయింట్లు సర్దారు. చివరగా, రెండు కార్బురేటర్ల స్లైడులు ఒకే క్షణంలో లేస్తున్నాయో లేదో చూడటానికి మెకానిక్కు ఏ పరికరమూ వాడలేదు; వెనక కూర్చొని రెండు ఎగ్జాస్ట్ గొట్టాల మూతుల దగ్గర రెండు అరచేతులు పెట్టి, పొగ తాకిడి రెండింటికీ సమానమయ్యేదాకా కేబుల్ నట్లు తిప్పించాడు. ఈ కొలత ఏ మాన్యువల్లోనూ అంకెగా ఉండదు.

బాగుపడ్డ బండి అసలుదేనా అన్న ప్రశ్న అభిమానుల మధ్య తెగని వాదం. ట్యాంకు మీది రాజ్‌దూత్ పేరు తీసేసి యమహా పేరు అంటించేవారు, డ్రమ్ము బ్రేకు బదులు జపాన్ డిస్కు తెప్పించి బిగించేవారు ఒక పక్షం. ఫరీదాబాద్ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలనేవారు మరో పక్షం. భద్రత దృష్ట్యా మొదటి పక్షానికి బలమున్నా, చరిత్ర దృష్ట్యా రెండో పక్షమే సరైనది: ఏ బ్రేకుతో ఈ బండిని జనానికి అమ్మారన్నది కూడా ఆ కాలపు పారిశ్రామిక చరిత్రలో సాక్ష్యమే, సాక్ష్యాన్ని మెరుగుపరిస్తే అది సాక్ష్యం కాకుండా పోతుంది. ఈ యంత్రం తన డ్రమ్ము బ్రేకును నిలబెట్టుకున్నది, దానికి తగినంత నెమ్మదిగానే నడుస్తున్నది.

చట్టం దృష్టిలో దీని స్థానం విచిత్రమైనది. ప్రాచీన వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో కనీసం 30 ఏళ్లు నిండి, చారిత్రకంగా సరైన స్థితిలో ఉండి, రోజువారీ ప్రయాణానికి వాడనిది చారిత్రక వాహనం. ఆ లెక్కన ఈ యంత్రం ఎప్పుడో అర్హత పొందింది. భారతదేశంలో 2021 నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనానికే వింటేజ్ హోదా, ‘వీఏ’ అక్షరాలుండే ప్రత్యేక నంబరు దక్కుతాయి. దాన్ని ప్రదర్శనలు, ర్యాలీల వంటివాటికి తప్ప మామూలుగా తిప్పకూడదు. అంటే ఈ యంత్రం 2034 వరకూ కొత్తదీ కాదు, వింటేజూ కాదు. అప్పటివరకూ పదిహేనేళ్లు దాటిన ప్రతి సొంత బండిలాగే అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. పొగ విషయంలో దానికి మినహాయింపు అడిగే నైతిక హక్కు కూడా లేదు. మండని పెట్రోలు గాలిలో కలవడం దాని నిర్మాణంలోనే ఉన్న దోషం కాబట్టి, అరుదుగా నడవడమే దానికి సాధ్యమైన మర్యాద.

మైలేజీతో కొలిచినవారికి ఇది పనికిమాలిన బండి, వేగంతో కొలిచినవారికి ఆయుధం, ఇప్పుడు వేలం ధరతో కొలిచేవారికి పెట్టుబడి. ఈ మూడు కొలతల్లో ఏదీ దీన్ని నలభై ఏళ్లు నడిపించలేదు. నడిపించింది గోరుతో గాడిని పసిగట్టి, అరచేతితో పొగను తూచగలిగిన పనితనం. ఆ పనితనానికి రిజిస్ట్రేషన్ పుస్తకంలో గడి లేదు, బేరంలో ధర లేదు, నేర్చుకోవడానికి ఆటోనగర్ షెడ్లకు వచ్చే కుర్రాళ్లూ తగ్గిపోతున్నారు. 2034లో చట్టం దీనికి గౌరవమివ్వవచ్చు కానీ, ఆనాటికి పాయింట్లు సర్దగల మనిషి మిగలకపోతే ఆ గౌరవం నడవని బండికి దక్కినట్టే. కాబట్టి పాత బండిని ప్రేమించేవారు రంగుకూ క్రోముకూ పెట్టే ఖర్చులో కొంత ఒక కుర్రాణ్ణి మెకానిక్కు పక్కన కూర్చోబెట్టడానికి పెట్టడమే, ఈ యంత్రం అనుభవంలో, అన్నింటికంటే తెలివైన మరమ్మతు.