మా మేడమీది స్లాబుగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్లాబుగారికి,

పద్మారావు నగర్‌లో, స్కందగిరి గుడి గంట వినిపించేంత దూరంలో, మీ కింద కాపురముంటున్న కుటుంబం తరఫున నమస్కారాలు. మీరు మా నెత్తిమీద ఉన్నారు కాబట్టే ఇన్ని వానాకాలాలు నిశ్చింతగా నిద్రపోయాం. ఆ మేలు మరిచి రాస్తున్న ఉత్తరం కాదిది. కానీ మార్చి మొదలు జూన్ వానలు పడేదాకా మీరు మా పట్ల వ్యవహరిస్తున్న తీరు గురించి ఇక ఊరుకోలేను. వేరేవాళ్ల దగ్గర మిమ్మల్ని తిట్టుకోవడం కన్నా మీకే చెప్పుకోవడం మర్యాద. ఇరుగుపొరుగు కూడా చదవాలని నలుగురిలో పెడుతున్నాను.

ముందు మేం మీకు చేసినవి చెబుతాను. మీ పగుళ్లలో రావిమొక్క మొలిచిన ప్రతిసారీ వేరుతో సహా పీకించాం. వాన కారిన ఏడాది సిమెంటు పాలు పోయించాం. పిట్టగోడ వారగా పెచ్చులూడితే ఖర్చుకు వెనకాడకుండా మేస్త్రీని పిలిపించాం. పండగకు ఇల్లు కడిగినప్పుడు మిమ్మల్నీ కడిగాం. అమ్మ మీమీద వడియాలు పెట్టింది, ఆవకాయ రోజుల్లో మిరపకాయలు ఎండబోసింది. ఎండాకాలం సాయంత్రాలు బకెట్లతో నీళ్లు చల్లి, చాపలు పరిచి, ఇంటిల్లిపాదీ మీ ఒళ్లోనే పడుకునేవాళ్లం. అప్పట్లో చుట్టూ పెంకుటిళ్లు, వాటి పెరళ్లలో వేపచెట్లు ఉండేవి. ఇప్పుడు నాలుగు దిక్కులా మీలాంటివారే ఉన్నారు.

మధ్యాహ్నపు ఎండ గురించి మీతో తగవు పెట్టుకోను. ఈ నగరంలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. ఎండ మాకు కొత్త కాదు. మా బాధంతా రాత్రితోనే. పగలంతా తాగిన వేడిని మీరు లోపల దాచుకుని, పొద్దు వాలాక, మేం మంచం వాల్చే వేళకు కిందికి వదులుతున్నారు. కాంక్రీటు మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది, దాని తత్వమే అంత అని ఇంజనీర్లు చెబుతారు. రాత్రి పదింటికి లోపలినుంచి మీకు చెయ్యి ఆనిస్తే పెనం తగిలినట్టుంటుంది. ఫ్యాను వేస్తే అది మీ వేడినే మామీదికి తోస్తుంది. కారుతోందని పైన నల్ల తారు షీటు పరిపించుకున్న ఇళ్లలో ఇంకా ఘోరం. పగలు అలిసిన ఒంటికి రాత్రి చల్లదనమే విశ్రాంతి. అది దొరక్కపోతే పెద్దవాళ్ల గుండె మర్నాటి ఎండకు ముందే అలిసిపోయి ఉంటుంది. ఎనభై దాటిన మనిషి తెల్లవార్లూ తడిగుడ్డ మార్చుకుంటూ కూర్చోవడం మీరు పైనుంచి చూస్తూనే ఉన్నారు.

మాకు కూలరన్నా ఉంది. మీమీద లేచిన రేకుల గదిలో అద్దెకుంటున్నవాళ్లకు అదీ లేదు. కింద మీ వేడి, పైన రేకు వేడి. చంటిబిడ్డను ఎత్తుకుని ఆ తల్లి అర్ధరాత్రిదాకా మెట్లమీద కూర్చుంటుంది. వీధికి ఇద్దరు ముగ్గురు వాచ్‌మన్లు పార్కింగు పక్క గదుల్లో సంసారాలు ఈదుతున్నారు. పార్సిగుట్ట, వారాసిగూడ వైపు వెళితే ఇళ్లకు ఇళ్లే రేకులవి. పాత ముషీరాబాద్ జైలు స్థలంలోకి 2003లో వచ్చిన గాంధీ ఆస్పత్రి మనకు నడిచి వెళ్లేంత దగ్గర. అది దగ్గరుందన్న ధైర్యంతో ఎండాకాలాన్ని నెట్టుకురావడం నాకు సమ్మతం కాదు. 2015 మే నెల వడగాలులు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేలకు పైగా ప్రాణాలు తీశాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికిచ్చే పరిహారాన్ని నాలుగు లక్షలకు పెంచింది. మంచి పనే. కానీ ఆ డబ్బు మనిషి పోయాక వచ్చేది.

మనిషి పోకముందు చెయ్యగలిగింది మీ దగ్గరే ఉంది. అందుకే మీమీద ఇంత కోపం. 2017లో బంజారాహిల్స్ పక్కన దేవరకొండ బస్తీలో 25 పేదల ఇళ్ల కప్పులమీద తెల్లని పొర పరిచి చూశారు. పొర పరవని ఇళ్లతో పోలిస్తే లోపల సుమారు రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేగా అని ఏసీ గదిలో కూర్చున్నవాళ్లు అనవచ్చు. నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య తేడా కొన్నిసార్లు అంతే. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ దేశంలోనే మొదటిసారిగా కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలనీ, అందులో 200 హైదరాబాదులోనే ఉండాలనీ లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు ఇష్టమైతేనే. మా వీధిలో 200 గజాలు, 300 గజాల స్థలాలే ఎక్కువ. అంటే ఆ నిబంధన మీదాకా రాదు. మేమే ఎక్కి వచ్చి మా చేతులతో చేసుకోవలసిందే.

అహ్మదాబాదు మనకు మంచి దారి చూపింది. 2010 మే నెలలో అక్కడ వడగాలులకు మామూలు కన్నా 1,344 మరణాలు ఎక్కువయ్యాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ దెబ్బ తిన్న నగరం 2013లో దక్షిణాసియాలోనే మొదటి వేడి కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది. ముందుగానే హెచ్చరిక, ఆస్పత్రుల్లో సన్నద్ధత, బస్తీల్లో మంచినీళ్లు అందులో భాగాలు. తర్వాత అక్కడి పేదల ఇళ్ల కప్పులకు సున్నం కూడా వేశారు. మనకు కావలసిందీ అలాంటిదే, ఒక వీధికి సరిపడేంత.

ఇంకొక అభియోగం వానాకాలానిది. ఈ నగరంలో ఏడాదికి సగటున ఎనభై సెంటీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల స్లాబుమీద అది 80 వేల లీటర్లు. మీరు ఆ నీళ్లన్నీ ఒక గొట్టంలోంచి రోడ్డుమీదికి వదిలేస్తారు. అవి పల్లపు బస్తీల గడపలు ముంచుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి మా బోరు గాలి కక్కుతుంది, మేం ట్యాంకరుకు ఫోన్ చేస్తాం. పక్కనే బన్సీలాల్‌పేటలో దశాబ్దాలపాటు చెత్తతో పూడిపోయిన మెట్లబావిని రెయిన్ వాటర్ ప్రాజెక్ట్ సంస్థ, జీహెచ్ఎంసీ కలిసి తవ్వి బాగుచేశాయి. 2022 డిసెంబర్ 5న అది జనానికి తెరుచుకుంది. నిండుగా నీళ్లున్న ఆ బావి చూసి వచ్చిన ప్రతిసారీ మీ గొట్టం వంక చూడాలంటే నాకు కష్టంగా ఉంటుంది. ఈ ఏడు ఆ గొట్టాన్ని ఇంకుడు గుంతకు కలుపుతున్నాం. దయచేసి అడ్డుచెప్పకండి.

ఇక మా నిర్ణయం వినండి. ఫిబ్రవరి చివర్లో, ఎండలు ముదరకముందే, మీమీదికి వస్తున్నాం. ముందు దుమ్ము, నాచు గీకి కడుగుతాం. సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు పూస్తాం. నల్ల నీళ్ల ట్యాంకుకూ తెలుపు వేస్తాం. మొదటి పూత రేకుల గదికి, వాచ్‌మన్ గదికి. ఆ తర్వాతే మా వంతు. ఈ వరస మారదు, ఎందుకంటే సొంత ఇల్లున్నవాడు ఎప్పుడైనా పూయించుకోగలడు, అద్దెకున్నవాడికి ఓనరు ఒప్పుకుంటే తప్ప ఆ హక్కు లేదు. బస్తీ దవాఖానా ఆశా కార్యకర్తను కూర్చోబెట్టుకుని, పై అంతస్తుల్లో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల జాబితా రాస్తాం. పిల్లలు అమెరికాలో ఉండి, తల్లిదండ్రులు ఇక్కడ తాళం వేసుకుని ఉంటున్న ఇళ్లు మా పేటలో చాలా ఉన్నాయి. వడగాలి హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వెళ్లి ఆ తలుపులు తట్టాలి. ఓఆర్ఎస్ పొట్లాలు, చల్లటి కింది గది ఒకటి ప్రతి అపార్టుమెంటులో సిద్ధంగా ఉండాలి.

పద్మారావు నగర్ ఓనర్లకు, అపార్టుమెంటు సంఘాల పెద్దలకు ఒక్క మనవి. ఏటా మెయింటెనెన్సు డబ్బుల్లోంచి గేటుకు రంగు వేయిస్తాం. ఈసారి ఆ డబ్బు మేడమీదికి పంపండి. మీ రేకుల గదిలో అద్దెకుంటున్నవాళ్లను అడిగి, వాళ్ల కప్పుతోనే మొదలుపెట్టండి. మార్చి రాకముందే ఈ పని పూర్తవ్వాలి.

ఇట్లు,
మీ కింద మూడో అంతస్తులో ఉంటున్నవారు,
పద్మారావు నగర్, సికింద్రాబాద్.