ఒక్క ఈత శాస్త్రం

పెంపుడు కుందేళ్ల గురించి తెలుగునాట చలామణిలో ఉన్న సిద్ధాంతాల్లోకెల్లా గట్టిది, ‘ఒక్క ఈతైనా ఈనితేనే ఆడకుందేలు ఆరోగ్యంగా ఉంటుంది’ అన్నది. ఆధారం అడిగితే ‘అది ప్రకృతి’ అన్న జవాబు తప్ప మరొకటి రాదు గనుక, పల్నాడు జిల్లా దాచేపల్లి ప్రాంతంలో ఆ ప్రకృతికి ఉన్న పలుకుబడి ఏపాటిదో ముందుగా చూడాలి. ఏటా కొత్తగా కొన్న సంకర విత్తనాల పొట్లంతో మొదలయ్యే పత్తి విషయంలోగానీ, మందు మీద మందు కొడితే తప్ప చేతికి రాని మిరప విషయంలోగానీ, కాడికి కట్టేముందు విత్తులు కొట్టించే కోడె విషయంలోగానీ దాని అనుమతి అడిగినవారు లేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో పదింట దాదాపు ఏడుగురు కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్నవారే. ఇన్నిచోట్ల నోరు మెదపని ప్రకృతి, రెండు కిలోల కుందేలు గర్భసంచి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ధర్మపన్నాలు వల్లిస్తుందట!

ఈ శాస్త్రజ్ఞులకు గేదెల అనుభవం దండిగా ఉండటమే ఇక్కడ చిక్కు. ఎదకు వచ్చిన గేదె అరిస్తే యజమానికి తెలుస్తుంది. ఆడకుందేలుకు అలాంటి నియమిత ఎదకాలం ఉండదు, మగదానితో కలిసిన తరువాతే దాని అండాలు విడుదలవుతాయి. ప్రేరిత అండోత్సర్గం అని పిలిచే ఈ ఏర్పాటు వల్ల ‘ఎదకు వచ్చినప్పుడు వేరు చేద్దాంలే’ అన్న ఆలోచనకు వీలే లేదు. నాలుగైదు నెలలకే ఈడుకు వచ్చే ఈ జీవి చూడి కట్టిన 31 రోజులకు అటూ ఇటుగా ఈని, ఈనిన రోజునే మళ్లీ చూడి కట్టగలదు. కాబట్టి ఒక్క ఈత అన్నది సంకల్పంలోనే ఒక్కటి; మగదాన్ని అదే పంజరంలో ఉంచితే రెండో ఈతకు ముహూర్తం మొదటి పురుటినాడే కుదిరిపోతుంది. అమ్మినవాడు ‘రెండూ ఆడవే’ అని ఇచ్చిన హామీ చాలా ఇళ్లలో కొద్ది నెలల్లోనే బద్దలవుతుంది, ఎందుకంటే కూనల్లో ఆడామగా తేడా పట్టడం చెయ్యి తిరిగినవారికే కష్టం.

ఈతకు ముందు తల్లి తన గదవ కింది బొచ్చును, పొట్టమీది బొచ్చును నోటితో పీకి గూడులో పరుస్తుంది. ఈనిన తరువాత రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ కొద్ది నిమిషాలే పాలిచ్చి, మిగతా వేళంతా దూరంగా ఉంటుంది. శత్రువులను గూటివైపు రానివ్వకుండా ఉండేందుకు పుట్టిన ఈ నడవడిని చూసి, ‘కన్నతల్లి వదిలేసింది’ అని తీర్పు చెప్పి, కళ్లు తెరవని పిల్లల నోట్లో దూదితో ఆవుపాలు పిండే దయామయులు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ పిల్లలు చనిపోతే ఆ చావులూ ప్రకృతి పద్దులోకే వెళ్తాయి.

బతికిన పిల్లలకు మరో పద్దు ఉంది. ఏడాదికి ఆరు ఈతలు, ఈతకు ఆరు పిల్లలు, మొత్తం 36 అని వేళ్లమీద లెక్క తేల్చినవారు వాటిని కొనే 36 మందిని మాత్రం లెక్కించరు. (ఇలాంటి లెక్కలతోనే పెరిగిన ఈము పక్షుల పెంపకం మోజు తమిళనాడులో 2012లో సుశి ఈము ఫారమ్స్ కూలినప్పుడు ఏమైందో ఎవరూ గుర్తుచేసుకోరు.) మిగిలినవాటిని ‘స్వేచ్ఛ’ పేరిట నాగులేరు ఒడ్డున పొలాల్లో వదిలేయడం జరిగితే, ఆ తెల్లని కుందేళ్లకు ఊరకుక్కలు ఒకవైపు, మిరపలో తామరపురుగులకు కొట్టే ఫిప్రోనిల్ మరోవైపు ఎదురొస్తాయి. ఆ మందు కుందేళ్లకు విషం.

ఇంతకీ ఒక్క ఈత ఇస్తుందన్న ఆరోగ్యం ఏది? ఆపరేషన్ చేయని ఆడకుందేళ్లలో, ముఖ్యంగా నాలుగేళ్లు దాటినవాటిలో, గర్భసంచి క్యాన్సర్ సర్వసాధారణం. కొన్ని జాతుల్లో అది సగానికి మించి కనిపించింది, ఈనినవా ఈననివా అన్న తేడా దానికి లేదు. గర్భసంచిని, అండాశయాలను తీసేస్తే ఆ ముప్పు పోతుంది. అయితే మత్తు ప్రమాదం కల్పన కాదు: బ్రిటన్‌లో 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మత్తుకు సంబంధించిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం ఉంటే కుందేళ్లలో 1.39 శాతం. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆపరేషన్‌కు ముందు దాన్ని పస్తు ఉంచనక్కరలేదు. ఈ సంగతి తెలియని వైద్యుడి బల్లమీద దాన్ని పడుకోబెట్టడం కన్నా వేరు పంజరం కొనడమే తెలివి.

ఇక మగదాని సంగతి. వేసవిలో పొరుగునున్న రెంటచింతల ఎండలు మగకుందేళ్ల వీర్యాన్ని కొంతకాలం నీరుగార్చి, కు.ని. శిబిరాన్ని ఉచితంగా నడుపుతాయి గానీ, తొలకరి పడ్డాక యథాతథం. నిజానికి మగదానికి వృషణాలు తీయడం పొట్ట కోయనక్కరలేని చిన్న ఆపరేషన్, తరువాత నెల పైచిలుకు ఆడదానికి దూరంగా ఉంచితే సరిపోతుంది. రాష్ట్రంలో ఒక శాతమైనా వేసెక్టమీ జరగని పురుష సమాజానికి ఈ మార్గం సూచించి చూడండి: పంజరంలోని కుందేలు గడ్డి నములుతూనే ఉంటుంది, కుర్చీలోని యజమాని మాత్రం మోకాళ్లు దగ్గరికి చేర్చుకుని, ‘పాపం, మూగజీవి’ అంటాడు.