ఏడో కాలమ్

2022 ఫిబ్రవరిలో బీజింగ్ చలికాలపు ఒలింపిక్స్ జరిగినన్నాళ్లూ, బాహుదా ప్రాజెక్టు పక్కనుండే మా పల్లెలో వాటిని విడవకుండా చూసిన మనిషి సుబేదారు ఒక్కడే. పట్టాళం నుంచి పింఛను మీద వచ్చి ఏళ్లు గడిచినా ఊరు ఆయన్ను ఇప్పటికీ హోదాతోనే పిలుస్తుంది. నాకు మామ వరస. రోజూ నిమ్మనపల్లెకు పోయి, టీ అంగడి ముందర బల్ల మీద కూర్చొని, ఫోను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టుకొని చూసేవాడు.

మన దేశం తరఫున ఆ పోటీల్లో దిగింది ఆరిఫ్ ఖాన్ ఒక్కడే. గుల్మార్గ్ కిందుండే తంగ్‌మార్గ్ అతని ఊరు. కొండవాలున స్కీల మీద మలుపులు తిరుగుతూ జారే పోటీలో 45వ స్థానంలో నిలిచాడు. అతను గీత దాటగానే సుబేదారు లేచి నిలబడ్డాడు. గుల్మార్గ్‌లో 1948లో సైన్యం మొదలుపెట్టిన స్కీ బడిలోనే ఆయనా మంచు మీద నడక నేర్చుకున్నాడు. అయితే ఆయన ప్రాణం పెట్టి చూసేది వేరే ఆట. బయాథ్లాన్.

కాళ్లకు స్కీలు, వీపున తుపాకీ. తుపాకీ మూడున్నర కేజీలకు తగ్గకూడదు. మంచులో కిలోమీటర్ల కొద్దీ ఎక్కి దిగి, గుండె గొంతులో కొట్టుకుంటుండగా వచ్చి, యాభై మీటర్ల దూరంలో వరసగా ఉన్న అయిదు గురులను కొట్టాలి. పడుకొని కొట్టేటప్పుడు గురి 45 మిల్లీమీటర్లు, అంటే నిమ్మకాయంత. నిలబడి కొట్టేటప్పుడు 115. ఒకటి తప్పితే 150 మీటర్ల చుట్టు అదనంగా తిరిగి రావాలి. కొన్ని పోటీల్లో చుట్టు ఉండదు, తప్పుకొక నిమిషం కాలంలో కలుపుతారు.

"పరుగొక విద్య, గురొక విద్య. రెండిటికీ పడదు. ఆ రెంటినీ ఒకే ఒంట్లో కాపురం చేయించల్ల" అనేవాడు సుబేదారు.

"మనకు మంచు లేదు గదా మామా, ఇంక ఆట యాడ్నుంచి వస్తాది?" అన్నాడు అంగడాయన ఒకరోజు.

సుబేదారుకు ఆ మాటంటే గిట్టదు. మంచే కారణమైతే హిమాలయాలున్న దేశంలో ఈ ఆట పేరు తెలియనివాళ్లు ఇంతమంది ఎందుకుంటారని ఆయన ప్రశ్న. జర్మనీలో గెల్సెన్‌కిర్‌హెన్ అనే ఊరుంది. ఒకప్పటి బొగ్గు గనుల ఊరు, మంచు కొండలేమీ లేవు. 2002 నుంచి అక్కడి ఫుట్‌బాల్ స్టేడియంలో క్రిస్మస్ దాటినాక మంచు తెచ్చి పరిచి పోటీ పెడుతూ వచ్చారు. నలభై వేల పైచిలుకు జనం టిక్కెట్లు కొనుక్కొని కూర్చున్నారు. ఆ దేశంలో ప్రభుత్వ టీవీ చానళ్లు చలికాలమంతా శని, ఆదివారాలు ఈ పోటీలు చూపిస్తాయి. ఇంటిల్లిపాదీ చూసే ఆటకు అభిమానులు పుట్టక ఏం చేస్తారు?

నార్వే సంగతి ఇంకా పాతది. 1767లోనే స్వీడన్ సరిహద్దు కాసే సిపాయిలకు స్కీల మీద తుపాకీ పోటీలు పెట్టారు. సిపాయి పనిగా మొదలైన విద్యను పిల్లలూ ఆడవాళ్లూ ఆడే ఆటగా మార్చుకున్నారు. స్లొవేకియా చిన్న దేశం. అనస్తాసియా కుజ్మినా అనే ఒక్క తల్లి 2010, 2014, 2018 ఒలింపిక్స్‌లో వరసగా బంగారు పతకాలు తెచ్చేసరికి ఈ ఆట పేరు ఆ దేశంలో ఇంటింటికీ తెలిసింది.

"మరి అమెరికాలో?" అని అడిగాను నేను. అక్కడ మంచూ ఉంది, తుపాకులకూ కొదవ లేదు.

అదే అసలైన ప్రశ్న అన్నాడు సుబేదారు. 1960లో బయాథ్లాన్ ఒలింపిక్స్‌లో మొదటిసారి అడుగుపెట్టింది అమెరికా గడ్డ మీదే, కాలిఫోర్నియాలోని స్క్వావ్ వ్యాలీలో. ఆరు దశాబ్దాలు దాటినా అప్పటికి ఆ దేశానికి ఇందులో ఒక్క ఒలింపిక్ పతకమూ లేదు. అక్కడి కాలేజీలు ఆటగాళ్లను డబ్బిచ్చి చదివిస్తాయి, కాలేజీ పోటీల్లో స్కీకి చోటుంది, బయాథ్లాన్‌కు లేదు. ఇక పిల్లోడు ఏ ధైర్యంతో ఇందులోకి వస్తాడు? ఇంట్లో తుపాకీ, వాకిట్లో మంచు ఉన్నంత మాత్రాన చాలదు. ఆ రెండూ చేతనైన బిడ్డను చూసి, "ఇదీ ఒక బతుకే, రా" అని పిలిచేవాళ్లు ఉండాలి.

"మన కాడ తుపాకీ అంటే ముందు పోలీసు, ఆ తర్వాత దొంగ. మూడో మనిషికి చోటు లేదు" అన్నాడు చివరికి.

ఈ మాట మీద నేను చాలా ఆలోచించాను. అక్షరాలా నిజం. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తీసుకున్న రైతు కూడా ఎన్నికలొస్తే చాలాసార్లు తుపాకీని ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకోవాల్సి వస్తుంది. గురికి మన దేశం పెట్టింది పేరు కదా అంటారు. 2008లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కంచు పతకం, రెండూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వచ్చినవే. తక్కువ బలమున్న గాలి తుపాకీకి లైసెన్సు అక్కరలేదు. నాలుగు గోడల మధ్య నేర్చుకోవచ్చు. బయాథ్లాన్‌లో వాడేది పాయింట్ ట్వంటీటూ, నిజమైన తూటా పేలే తుపాకీ. అది పల్లెటూరి పిల్లోడి చేతికి అందే దారి లేదు.

ఆ వేసవిలో ఒక ఆదివారం మా వీధి చివరింటివాళ్లు బోయకొండ గంగమ్మకు మొక్కు తీర్చుకుంటుంటే సుబేదారూ నేనూ వెళ్లాం. ఆ ఇంటి పిల్లోడు ఇంటర్ చదువుతున్నాడు. మేకపోతు నడవనని మొండికేస్తే దాన్ని భుజాల మీద వేసుకొని కొండెక్కాడు. పైన మరచిపోయిన కొబ్బరికాయల సంచి కోసం మళ్లీ పరుగున ఎక్కి, పరుగున దిగాడు. దిగినవాడు దిగినట్టే బెలూన్ల అంగడి ముందర ఆగాడు. రొప్పుతూనే గాలి తుపాకీ అందుకున్నాడు.

మొదటి దెబ్బ తప్పింది. జాతర తుపాకుల గొట్టం నేరుగా ఉండదు. పిల్లోడు ఒకసారి దాన్ని తిప్పి చూసుకొని, కొంచెం ఎడమకు జరిగాడు. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు. పలక మీద బెలూన్లు అయిపోతుంటే అంగడివాడు "చాలు నాయనా" అని తుపాకీ లాగేసుకున్నాడు.

సుబేదారు పోయి పిల్లోడి రొమ్ము మీద చెయ్యి పెట్టాడు. గుండె ఇంకా దడదడ కొట్టుకుంటూనే ఉంది.

"ఊపిరి బిగబట్టినావేమిరా?"

"లేదు తాతా. ఊపిరి వదిలేసినాక రవ్వంతసేపు ఖాళీ ఉంటాది గదా, ఆడ నొక్కినా."

గుల్మార్గ్‌లో ఉస్తాదులు నెలల తరబడి చెప్పి చెప్పి నేర్పించే సంగతి అది. సుబేదారు కళ్లు తడిశాయి. "ఎవురు నేర్పించినార్రా నీకు?"

పిల్లోడు వాళ్ల నాయన వైపు చూశాడు. నాయన మేకపోతు వైపు చూశాడు.

ఊళ్లో అందరికీ తెలిసిందే. వాళ్ల చెనిక్కాయ చేను కొండ అంచున ఉంది. చీకటి పడితే అడవి పందులు దిగుతాయి. ఈ గట్టున చప్పుడైతే ఆ గట్టు నుంచి పరుగెత్తాలి, రొప్పుతూనే గురి చూడాలి. నాటు తుపాకీలో పట్టేది ఒక్క దెబ్బకే. తప్పితే మళ్లీ మందు కూరి దట్టించేలోపల మంద సగం చేను తవ్వేసి పోతుంది. ఇంటి కడుపు కోసం పిల్లోడు నేర్చిన విద్య అది. చదువు చెప్పే ఏ బడీ అంత నిక్కచ్చిగా పరీక్ష పెట్టదు.

సుబేదారు ఆ రాత్రే తన పాత ఆఫీసరుకు ఉత్తరం రాశాడు. నెల తిరక్కుండా చలికాలపు ఆటల శిక్షణకు దరఖాస్తు ఫారం వచ్చింది. రైలు ఖర్చులు వాళ్లవే. తిండి, బట్టలు, స్కీలు, తుపాకీ అన్నీ వాళ్లవే. పిల్లోడు మా అరుగు మీద కూర్చొని దాన్ని పూర్తి చేశాడు. ముత్యాల్లాంటి రాత వాడిది.

ఏడో కాలమ్ దగ్గర పెన్ను ఆగింది. ఇదివరకు తుపాకీ వాడిన అనుభవం ఉందా, ఎక్కడ, ఎవరి వద్ద, ఎన్నేళ్లు అని అడుగుతోంది.

"అది వదిలేయ్‌రా" అన్నాడు నాయన.

"వదిలేస్తే వీనికీ వేరేవానికీ తేడా ఏముండాది? వీని బలమంతా ఆ కాలమ్‌లోనే ఉంది" అన్నాడు సుబేదారు. "పట్టాళానికి పోయే కాయితంలో దాపరికం కూడదప్పా. నా నౌకరీ అంతట్లో ఒక్క అబద్ధానికి కింద చేవ్రాలు చేయలేదు నేను. రాయి నాయనా, ఉన్నదున్నట్టు రాయి."

నాయన చాలాసేపు పిల్లోడి చేతినే చూశాడు. తర్వాత తలూపాడు. కొడుకు కశ్మీరు పోతాడన్న ఆశ ఏ తండ్రినైనా అంతపని చేయిస్తుంది. పిల్లోడు రాశాడు: మా నాన్న వద్ద, పంట కాపలాలో, నాలుగేళ్లు.

ఆషాఢంలో జీపు వచ్చింది. నాయన టమాట క్రేట్లతో మదనపల్లె మండీకి పోయి ఉన్నాడు. కట్ట మలుపులో జీపు తిరగడం పిల్లోడికి దొడ్లో నుంచే కనబడింది. పశువుల కొట్టం కప్పులో నుంచి తుపాకీ లాగి, తువ్వాలతో వీపుకు బిగించి కట్టుకొని పరుగందుకున్నాడు.

చేలగట్ల మీద జీపు పోదు. ఇద్దరు కానిస్టేబుళ్లు దిగి వెంటబడ్డారు కానీ రెండో గట్టుకే నిలిచిపోయారు. ఎవరో కేకేశారు. మిద్దెల మీదికి, కట్ట మీదికి, చింతమాను కిందికి ఊరంతా వచ్చేసింది. ముసలివాళ్లను కూడా చేతులు పట్టుకొని తెచ్చి నిలబెట్టారు. పిల్లోడు గుండ్ల మీద నుంచి గుండ్ల మీదికి దూకుతూ కొండ పక్క ఎక్కాడు, అవతల దిగాడు, మళ్లీ కనబడ్డాడు, బాహుదా నీళ్ల వైపు చిన్న చుక్కయ్యాడు. ఊరు ఊపిరి బిగబట్టి చూసింది. సుబేదారు తనకు తెలియకుండానే చేతి గడియారం చూసుకుంటున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నడిచే వచ్చాడు. వీపున ఏమీ లేదు. ఒళ్లు నడుము దాకా తడిసి ఉంది. ఎస్సై ముందర చేతులు కట్టుకొని నిలబడితే ఊపిరి అప్పుడే కుదుటపడి ఉంది.

ఎస్సై చెడ్డ మనిషి కాదు. తడిసిన ప్యాంటు చూశాడు, ఏమీ అడగలేదు. చేతిలో ఒక కాగితం ఉంది. పిల్లోడి దరఖాస్తు నకలు. ఎంపికైనవాళ్ల నడవడి విచారించి పంపమని పైనుంచి వచ్చింది. ఏడో కాలమ్ కింద ఎవరో ఎర్ర గీత గీశారు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే సార్."

"మీ నాయన కాడ తుపాకీ ఉందా?"

"లేదు సార్."

"మరి ఈ నాలుగేళ్లు?"

పిల్లోడు సుబేదారు వైపు చూడలేదు. "ఊరికే రాసినా సార్. అట్ల రాస్తే తీసుకుంటారని."

"అయితే ఆ మాటే రాసియ్యి. లేకుంటే నేను మీ నాయన్ను పిల్చుకొని పోవల్ల."

జీపు ముందు భాగం మీద కాగితం పెట్టి, అదే ముత్యాల రాతతో పిల్లోడు రాసిచ్చాడు. నాకు తుపాకీ కాల్చడం రాదు. నేనెన్నడూ తుపాకీ ముట్టలేదు. ఏడో కాలమ్‌లో నేను రాసినది అబద్ధం.

ఎస్సై చదువుకొని తల ఎత్తాడు. "ఊళ్లో పెద్దమనిషి ఎవరన్నా సాక్షి సంతకం చేయండి."

జనమంతా ఒకే మనిషి వైపు తిరిగారు. సుబేదారు ముందుకొచ్చి పెన్ను అడిగి తీసుకున్నాడు. సంతకం చేశాడు.

"హోదా కూడా రాయండి సార్" అన్నాడు ఎస్సై. "మీబోటివాళ్లు చెప్తే పైన నమ్ముతారు."

రాశాడు.